మూర్ఛలో మాట్లాడేది ఎవరు?

మెదడుకూ మాటకూ గల సంబంధాన్ని గురించి ఇరవయ్యవ శతాబ్దంలో వెలువడిన గ్రంథాలలో, వైల్డర్ పెన్‌ఫీల్డ్, లామార్ రాబర్ట్స్ కలిసి వ్రాసిన 'స్పీచ్ అండ్ బ్రెయిన్ మెకానిజమ్స్' అనే గ్రంథానికి ప్రత్యేకమైన స్థానం ఉన్నది. 1956 లో ప్రిన్స్‌టన్ విశ్వవిద్యాలయంలో పెన్‌ఫీల్డ్ ఇచ్చిన ఉపన్యాసాలు దీనికి మూలం. గ్రంథం 1959 లో అచ్చయింది. ఇద్దరూ శస్త్రవైద్యులు. కెనడా దేశంలోని మాంట్రియాల్ నగరంలో 1934 లో పెన్‌ఫీల్డ్ నెలకొల్పిన నాడీశాస్త్ర సంస్థలో మూర్ఛరోగులకు శస్త్రచికిత్స చేస్తూ గమనించిన విషయాలను వారు ఇందులో పొందుపరచినారు. తరువాత వచ్చిన పరిశోధకులు ఈ గ్రంథాన్ని ఒప్పుకొనో, కాదనో తమ మాట మొదలుపెట్టవలసి వచ్చింది. ఇట్టి గ్రంథం బలమెంతో, లోపమెంతో తెలుసుకోవటానికి ఒక్క ప్రశ్న చాలును. మూర్ఛ వచ్చినప్పుడు రోగి నోట, అతని ఇష్టంతో నిమిత్తం లేకుండా వెలువడే మాటలు మెదడులో ఎక్కడినుండి వస్తున్నవి?

ముందుగా ఆ మాటలు ఎట్లా ఉంటవో చూడాలి. మూర్ఛ అనగా మెదడులోని నాడీకణాలు కొన్ని, లేదా చాలా, ఒక్కుమ్మడిగా హద్దుమీరి విద్యుత్తును విడుదల చేయటం. మెదడంతటినీ ఆవరించే పెద్ద మూర్ఛలో మొదట ఒక భయంకరమైన కేక వినిపిస్తుంది. అది మాట కాదు, బాధతో వేసిన కేక కూడా కాదు. రొమ్ము కండరాలు బిగుసుకొని, దగ్గరపడిన స్వరతంత్రుల మధ్యగా గాలి బలవంతాన బయటికి నెట్టబడటంవలన పుట్టే ధ్వని మాత్రమే. ఇక్కడ ప్రస్తుతమైనది వేరొక రకం. మెదడులో ఒకచోట మొదలై ఆ ప్రాంతానికే పరిమితమయ్యే మూర్ఛలు ఉన్నవి. వాటిలోనూ కణతల వెనుకనుండే టెంపొరల్ ఖండంలో పుట్టేవి తరచుగా కనిపిస్తవి. రోగి క్రింద పడిపోడు. చూపు నిలిచిపోతుంది, చేతులు బట్టలను సవరిస్తూనో, బల్లను తడుముతూనో ఉంటవి, పెదవులు చప్పరిస్తూ ఉంటవి. ఆ స్థితిలో కొందరు స్పష్టంగా మాట్లాడుతారు. కొందరు ప్రతిసారీ ఒకే వాక్యం అంటారు. కొందరు బ్రతిమాలుతారు, కొందరు తిడతారు, దేవుణ్ణి పిలుస్తారు, మరి కొందరు కూనిరాగం తీస్తారు. తెప్పరిల్లిన తరువాత అడిగితే చాలామందికి ఆ సంగతి జ్ఞాపకం ఉండదు.

మన పల్లెల్లో ఇట్టి మాటలు విన్నవారు పూనకమనో, గాలి సోకిందనో అనుకోవటం కద్దు. బడిలో అయితే కుఱ్ఱవాడు పొగరుగా మాట్లాడినాడని శిక్షించటమూ జరుగవచ్చు. రెండు తీర్పులకూ ఆధారం ఒకటే. మాట వచ్చింది గనుక దాని వెనుక పలికించే మనస్సు ఒకటి ఉండి తీరాలనే నమ్మకం. ఈ నమ్మకాన్ని పరీక్షకు నిలబెట్టటానికి పెన్‌ఫీల్డ్ గ్రంథంకంటె మంచి సాధనం దొరకటం కష్టం. అయితే గ్రంథకర్తలు చెప్పిన సిద్ధాంతంకంటె, వారు శ్రద్ధగా సేకరించిన సాక్ష్యమే మనకు ఇందుకు ఎక్కువగా ఉపకరిస్తుంది.

ఆ సాక్ష్యం సేకరించిన విధానం ఇది. మెదడుకు తనంత తానుగా నొప్పి తెలియదు. అందువలన తల చర్మానికి మాత్రం మత్తుమందు ఇచ్చి, రోగి మెలకువగా ఉండగానే పుఱ్ఱెలో కొంత భాగం తెరిచేవారు. మూర్ఛకు మూలమైన భాగాన్ని కోసివేయటానికి ముందు, మాటకు ముఖ్యమైన తావు ఏదో తెలుసుకోకపోతే రోగి మూగవాడు కావచ్చు. కాబట్టి సన్నని తీగకొనతో మెదడుపై పొరను అక్కడక్కడ తాకి, కొద్దిపాటి విద్యుత్తును పంపుతూ, రోగికి బొమ్మలు చూపి పేర్లు చెప్పమనేవారు. ఫలితం కనిపించిన ప్రతి తావునా అంకె వేసిన చిన్న కాగితపు ముక్క ఉంచేవారు. ఈ విధంగా ఒక్కొక్క రోగికి ఒక్కొక్క పటం తయారయ్యేది.

ఫలితాలు రెండు విధాలు. చేతినీ ముఖాన్నీ కదిలించే ప్రాంతంలోనూ, దానికి పైన, రెండు అర్ధగోళాలు ఎదురెదురుగా ఉండే లోపలి అంచులోనూ తీగ తాకితే, రోగి ఆపుకోలేక 'ఆ' అనో 'ఓ' అనో దీర్ఘంగా ధ్వని చేసేవాడు. ఇది కుడి అర్ధగోళంలోనూ జరిగింది, ఎడమదానిలోనూ జరిగింది. రెండవది, భాషకు సంబంధించిన తావులను తాకితే మాట ఆగిపోవటం. ఒక రోగికి సీతాకోకచిలుక బొమ్మ చూపినారు. అతడు పేరు చెప్పలేక చిటికెలు వేయసాగినాడు. తీగ తీయగానే నోరు వచ్చింది. ఆ పేరు తోచక, పోనీ దానిని పోలిన దీపపు పురుగు పేరైనా చెబుదామని చూస్తే అదీ అందలేదని అతడే వివరించినాడు. భావం ఉన్నది, పదం లేదు. బోధనావృత్తిలో ఉన్నవారికి ఈ ఒక్క ఉదాహరణకోసమైనా ఈ గ్రంథం చదువదగినది.

వీటికంటె ముఖ్యమైనది జరగని సంగతి. ఎందరో రోగులలో ఎన్నో తావులను తాకి చూసినా, తీగ తాకినందువలన రోగి ఒక్క అర్థవంతమైన పదాన్నైనా తన ఇష్టం లేకుండా పలకలేదు. టెంపొరల్ ఖండాన్ని తాకినప్పుడు కొందరికి ఎవరివో మాటలు, ఏవో పాటలు వినిపించినవి. 1963 లో పెన్‌ఫీల్డ్, పెరో ప్రకటించిన లెక్కప్రకారం ఆ ఖండాన్ని పరీక్షించిన 520 మందిలో 40 మందికి ఇట్టి అనుభవాలు కలిగినవి. కాని అవి వినిపించిన మాటలు, పలికిన మాటలు కావు. వినపడటం వేరు, నోట వెలువడటం వేరు. విద్యుత్తు మాటను ఆపగలిగింది, ధ్వనిని పుట్టించగలిగింది, పదాన్ని మాత్రం పలికించలేకపోయింది.

కారణం ఊహించటం కష్టం కాదు. ఒక చిన్న పదం పలకాలన్నా దానిని ఎన్నుకోవాలి, అక్షరాల వరుస కూర్చాలి, ఊపిరిని అదుపులో పెట్టాలి, స్వరపేటిక, నాలుక, పెదవులు ఒకదాని తరువాత ఒకటిగా, సెకనులో చిన్న భాగాలు కూడా తప్పకుండా కదలాలి. దూరదూరంగా ఉన్న తావులు వంతులవారీగా పనిచేస్తేనే ఇది సాధ్యం. పైనుంచి వచ్చి పడే విద్యుత్తుకు వంతు తెలియదు. హార్మోనియం మెట్లన్నిటినీ అరచేతితో ఒక్కసారి అదిమితే మోత వస్తుందిగాని కీర్తన రాదు. ఆ అదిమిన చేయి తీసేవరకు వాయించేవాడు కూడా ఏమీ చేయలేడు.

చిక్కు ఇక్కడనే ఉన్నది. మూర్ఛలో పుట్టే విద్యుత్తు వైద్యుని తీగలోని విద్యుత్తుకంటె క్రమమైనదేమీ కాదు, మరింత మొరటైనది. సున్నితంగా తాకిన తీగ పలికించలేని వాక్యాన్ని ఈ మొరటు విద్యుత్తు ఎట్లా పలికిస్తుంది? గ్రంథం తన చేతిలోనే ఉంచుకొన్న ఈ ప్రశ్నను చివరిదాకా తరుముకొని పోలేదని చెప్పక తప్పదు. గ్రంథకర్తల దృష్టి పటంమీద ఉన్నది. ఎడమ అర్ధగోళంలో ముందొకటి, వెనుకొకటి, పైనొకటి, మూడు భాషాప్రాంతాలను వారు గుర్తించినారు. ఆ మూడింటినీ కలిపి నడిపేది మెదడు కాండపు పైభాగంలో, థాలమస్ చుట్టుప్రక్కల ఉన్న ఒక కేంద్రవ్యవస్థ అని ప్రతిపాదించినారు. భాషాప్రాంతం చుట్టూ ఉన్న పొరను కోసివేసినా కొన్నాళ్లకు రోగి మాట తిరిగి రావటం వారి ఆధారం. పైపొరలోని దారులు తెగినా మాట నిలిచింది గనుక కలిపే దారి అడుగున ఉండాలని వారి తర్కం. పైపొరమీదనే అందరూ కన్ను వేసి ఉన్న రోజులలో అడుగుభాగాలకు పని ఉన్నదని చెప్పటం గొప్పే. కాని పైపొరలో ముందు, వెనుక ప్రాంతాలను కలిపే నాడీతంతువుల కట్టలకు గల ప్రాముఖ్యం తరువాతి కాలంలో బాగా రుజువైనది. అన్నిటికీ పైన కూర్చున్న ఒకే కేంద్రం మాత్రం కనబడలేదు.

మూర్ఛలో మాటకు సమాధానం ఈ గ్రంథానికి 80 ఏళ్ల ముందే సగం సిద్ధమై ఉన్నది. లండన్ నగరంలో హ్యూలింగ్స్ జాక్సన్ అనే వైద్యుడు 1878 నుండి 'బ్రెయిన్' పత్రికలో వ్రాసిన వ్యాసాలలో మాటను రెండు రకాలుగా విడదీసినాడు. అప్పటికప్పుడు సందర్భాన్నిబట్టి కూర్చి, ఒక సంగతి చెప్పటానికి వాడేది ఒకటి. అలవాటుగా, అచ్చుపోసినట్లు వెలువడేది రెండవది: ఒట్లు, తిట్లు, పలకరింపులు, కంఠస్థం చేసినవి. ఎక్కాలు అప్పజెప్పే పిల్లవాణ్ణి మధ్యలో ఆపి, ఏడు ఎనిమిదులెంత అని అడిగితే, మళ్లీ మొదటినుంచి ఎత్తుకోవటం ఉపాధ్యాయులందరూ ఎరిగినదే. ఆ వరుస ఒక దారి, అడిగినదానికి జవాబు మరొక దారి. మెదడు దెబ్బతిని భాష పోయినవారిలో మొదటి రకం నశించినా రెండవది మిగలటం జాక్సన్ గమనించినాడు. ఆ మిగిలినదానిలో కుడి అర్ధగోళానికి పాత్ర ఉన్నదని ఊహించినాడు. 1861 లో బ్రోకా వర్ణించిన ప్రసిద్ధ రోగి సంగతి దీనికి చక్కని నిదర్శనం. 'టాన్' అన్న ధ్వని తప్ప మరేమీ పలకలేని అతడు కోపం ముదిరినప్పుడు ఒక తిట్టు స్పష్టంగా అనేవాడు. అతడు చిన్ననాటినుండి మూర్ఛరోగి కూడాను.

జాక్సన్ మరొక సూత్రం చెప్పినాడు. మెదడులో పైమెట్టు పనిచేయనప్పుడు క్రిందిమెట్టు, పైనుండి అదుపు లేక, తనపని తాను చేసుకొనిపోతుంది. కనిపించే చేష్ట రోగం సృష్టించినది కాదు, రోగం వదలిపెట్టినది. 1888 లో ఆయన ప్రకటించిన ఒక సందర్భం ఈ మాటకు సాక్ష్యం. 'జెడ్' అనే మారుపేరుతో పేర్కొన్న ఒక వైద్యుడు మూర్ఛరోగి. రోగిని పరీక్షిస్తూ ఉండగానే ఆయనకు చిన్న మూర్ఛ వచ్చింది. తెలివి వచ్చేసరికి, ఎడమ ఊపిరితిత్తి అడుగున న్యుమోనియా అని తన చేతివ్రాతతో వ్రాసి ఉన్నది. వ్రాసినట్లు ఆయనకు జ్ఞాపకం లేదు. మళ్లీ పరీక్షిస్తే ఆ నిర్ణయం సరిగానే ఉన్నది. మూర్ఛలో పుట్టిన విద్యుత్తు ఆయన చేత వైద్యం చేయించిందనటం హాస్యాస్పదం. అది జ్ఞాపకాన్నీ ఎఱుకనూ ఆపివేసింది. ఏళ్ల తరబడి అలవాటైన విద్య తన దారిన తాను నడిచింది. విచిత్రమేమనగా, పెన్‌ఫీల్డ్ కూడా మూర్ఛలో యంత్రంవలె నడిచే మనుష్యులను గురించి ఇతరత్రా వ్రాస్తూ దాదాపు ఈ మార్గంలోనే ఆలోచించినాడు. మాటను గురించిన గ్రంథంలో దానిని ప్రధానసూత్రం చేసికొని ఉంటే, పలకని తీగకూ పలికే రోగికీ మధ్య వైరుధ్యం అక్కడనే విడిపోయేది.

దీనిని సరిచూడటానికి ఒక మార్గం ఉన్నది. మాట రోగగ్రస్తమైన తావునుండి వచ్చేదైతే, భాష నివసించే అర్ధగోళంలో, అనగా చాలామందిలో ఎడమవైపున, మూర్ఛ పుట్టినప్పుడే మాటలు ఎక్కువగా వినిపించాలి. రోగం తాకని వలయం పలికేదైతే, మూర్ఛ కుడివైపున పుట్టినప్పుడు ఎక్కువగా వినిపించాలి. 1963 లో సెరఫెటినిడిస్, ఫాల్కనర్, టెంపొరల్ ఖండం ముందుభాగం తీసివేసిన 100 మంది రోగుల చరిత్రలు పరిశీలించి ప్రకటించినారు. మాట తడబడటం, పోవటం భాష ఉన్న వైపు మూర్ఛలతో, అనిచ్ఛగా మాటలు వెలువడటం రెండవవైపు మూర్ఛలతో ముడిపడి ఉన్నవి. 1989 లో అమెరికాలోని క్లీవ్‌లండ్‌లో గాబర్, లూడర్స్ మొదలగువారు, రోగి చేష్టలనూ మెదడు విద్యుత్తునూ ఒకేసారి చిత్రించే పద్ధతిలో 35 మందిని పరిశీలించి అదే దిశలో ఫలితం పొందినారు. మూర్ఛ సాగుతూ ఉండగా స్పష్టమైన మాట వినిపిస్తే మూలం బహుశా భాష లేని వైపు. మూర్ఛ ముగిసిన తరువాత కొంతసేపు వస్తువుల పేర్లు తప్పిపోతే మూలం బహుశా భాష ఉన్న వైపు.

'బహుశా' అన్న మాట ఇక్కడ మర్యాదకు వాడినది కాదు. భాష అందరిలోనూ ఎడమనే ఉండదు. గ్రంథం వెలువడిన మరుసటి ఏడు, 1960 లో, వాడా, రాస్ముస్సెన్ అదే మాంట్రియాల్‌నుండి, మెడలోని రక్తనాళం ద్వారా ఒక అర్ధగోళానికి మాత్రమే మత్తు ఎక్కించి, మాట ఏ వైపున ఉన్నదో తేల్చే పరీక్షను ప్రకటించినారు. ఆ పద్ధతితో రాస్ముస్సెన్, మిల్నర్ 1977 లో ఇచ్చిన లెక్కలో, చిన్నతనంలో ఎడమ మెదడు దెబ్బతినని కుడిచేతివాటంవారిలో 96 శాతానికి, ఎడమచేతివాటంవారిలో 70 శాతానికి భాష ఎడమవైపున ఉన్నది. మిగిలినవారిలో కుడివైపునో, రెండువైపులానో ఉన్నది. ఇంకొక సంగతి: జాక్సన్ పేర్కొన్న జెడ్ మరణించిన తరువాత మెదడు పరీక్షించగా గాయం ఎడమ టెంపొరల్ ఖండపు లోతట్టు మడతలో దొరికింది. ఎడమవైపు మూర్ఛ అయినా, లోతట్టునే నిలిచిపోతే, పైనున్న భాషావలయం చెక్కుచెదరకపోవచ్చు. అర్ధగోళం పేరు చెప్పితే సరిపోదు. ఏయే తావులు మూర్ఛలో చిక్కుకొన్నవి, ఏవి తప్పించుకొన్నవి అన్నది లెక్క.

వదలిపెట్టటం అన్న సూత్రం కూడా అన్నిటికీ తాళంచెవి కాదు. 2002 లో ఫ్రాన్స్‌లో బార్తొలొమే మొదలగువారు, మెదడు లోపల సన్నని తీగలు అమర్చిన రోగులు మూర్ఛలో కూనిరాగం తీస్తూ ఉండగా కొలతలు తీసినారు. రాగం సాగుతున్నంతసేపు టెంపొరల్ ఖండపు పైమడతా, లలాట ఖండపు భాగాలూ ఒకే లయలో కదిలినట్లు కనబడింది. ఇక్కడ మూర్ఛ ఊరికే తలుపు తెరిచి తప్పుకోలేదు. వినే తావునూ పలికించే తావునూ ఒక జతగా కట్టింది. తిట్లకూ, కేకలకూ, మొరలకూ మరొక పాతదారి ఉన్నదనటానికి జంతువులలో ఆధారాలు ఉన్నవి. జర్మనీలో యూర్గెన్స్ కోతులమీద జరిపిన పరిశోధనలప్రకారం, మెదడు లోపలి అంచులోని సింగ్యులేట్ మడతనుండి మధ్యమెదడులోని బూడిదరంగు పదార్థానికి దిగే మార్గం సహజమైన కూతలను నడుపుతుంది. మనుష్యునిలో నేర్చుకొన్న మాటకు దీనితోబాటు పైపొరనుండి తిన్నగా దిగే కొత్తదారి ఉన్నది. ఉద్వేగంతో నిండిన మాటలు మూర్ఛలో ఎక్కువగా రావటానికి ఈ పాతదారి కొంత కారణం కావచ్చును.

అలవాటు మాటకు ప్రత్యేకమైన దారి ఉన్నదని రుజువు చేయాలంటే, అది ఒక్కటే తెగిపోయినవాడు కావాలి. 1993 లో స్పీడీ మొదలగువారు అట్టివానిని వర్ణించినారు. ఫ్రెంచి, హీబ్రూ భాషలు తెలిసిన 75 ఏళ్ల వృద్ధుడు. కుడి అర్ధగోళం అడుగునున్న బేసల్ గాంగ్లియా దెబ్బతిన్నది. ఆయన మామూలుగా సంభాషించగలడు. కాని జీవితమంతా నిత్యం చదివిన ప్రార్థనలు చదవలేడు, అంకెలు వరుసగా చెప్పలేడు, తెలిసిన పాటలు పాడలేడు. టాన్‌కు పోయినది ఈయనకు మిగిలింది. టాన్‌కు మిగిలినది ఈయనకు పోయింది. పెన్‌ఫీల్డ్ పటంలో ఈ వృద్ధునికి తావు లేదు.

గ్రంథం చివర భాషలు నేర్వటాన్ని గురించి ఒక అధ్యాయం ఉన్నది. ఉపాధ్యాయులు సాధారణంగా మొదట తెరిచేది అదే. పదేళ్ల లోపుననే పరభాషలు నేర్పాలని, ఆ తరువాత మెదడు బిగుసుకొనిపోతుందని అందులో వాదించినారు. శస్త్రచికిత్స గదిలో ఒక్కొక్క అంకె వేసి లెక్క చూపిన రచయిత, ఇక్కడ స్వంత పిల్లల అనుభవాన్నీ, పసితనంలో ఎడమ మెదడు దెబ్బతిన్నవారికి కుడివైపున భాష రావటాన్నీ ఆసరా చేసుకొని, బడులు నడిపే విధానందాకా దూకినాడు. దెబ్బతిన్న పసిమెదడు భాషకు చోటు మార్చుకోగలగటం ఒకటి, ఆరోగ్యవంతుడైన పదమూడేళ్ల బాలుడు కొత్తభాష నేర్వగలగటం మరొకటి. మొదటిది రెండవదానికి రుజువు కాదు.

పటాల అధ్యాయాలకు తిరిగి వస్తే, అక్కడి పని వలన కలిగిన మేలు సామాన్యమైనది కాదు. మందులకు లొంగని మూర్ఛకు శస్త్రచికిత్స చేసేటప్పుడు ఏ వైపు కోయాలి, ఎంతవరకు కోయాలి అన్నది రోగి మాటను కాపాడే ప్రశ్న. ఇప్పుడు చిత్రాలు తీసే యంత్రాలు, లోపల అమర్చే తీగలు ఉన్నవి. అయినా మూర్ఛ సమయంలో ప్రక్కన ఉన్నవారు చెప్పిన వివరాలు వైద్యునికి నేటికీ అవసరమే. తరగతిలో ఒక విద్యార్థికి మూర్ఛ వస్తే ఉపాధ్యాయుడు చేయవలసినవి కొద్దే. గడియారం చూడాలి. పడిపోతే ప్రక్కకు తిప్పి పడుకోబెట్టాలి. నోట్లో ఏదీ పెట్టకూడదు. చేతిలో తాళంచెవుల గుత్తి పెట్టటంవలన ప్రయోజనమేమీ లేదు. అయిదు నిమిషాలు దాటినా ఆగకపోతే ఆసుపత్రికి చేర్చాలి. మాట వినిపిస్తే దానికి జవాబు చెప్పనవసరం లేదు, కోపించనవసరమూ లేదు. ఏ మాట, మూర్ఛ సాగుతూ ఉండగానా ముగిసిన తరువాతనా, ప్రతిసారీ అదే మాటా అన్నది కాగితంమీద వ్రాసి ఉంచాలి. బాలుడు కళ్లు తెరిచి చూస్తున్నప్పుడు కలం చూపి ఇదేమిటని అడగాలి. పేరు చెప్పటానికి ఎంతసేపు పట్టిందో అదీ వ్రాయాలి. మాంట్రియాల్‌లో రోగికి సీతాకోకచిలుక బొమ్మ చూపి అడిగినది కూడా ఆ ప్రశ్ననే.